తుఫాను రాత్రికి వాకీటాకీ: మాట పొదుపు, చార్జింగ్ జాగ్రత్త

(దివిసీమ గ్రామాల తుఫాను వాలంటీర్లకు అవనిగడ్డలో ఇచ్చిన శిక్షణ ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండమ్మా. నా చేతిలో ఉన్న వాకీటాకీ సెట్టు మీకు కనపడాలి. దీని వెనక ఉన్న బ్యాటరీ ఇంకా బాగా కనపడాలి, ఎందుకంటే ఈ పూట నేను మాట్లాడేదంతా దాదాపు దాని గురించే.

1977 నవంబరు 19 నాటి తుఫాను గురించి ఈ ఊళ్లో నేను చెప్పాల్సింది ఏమీ లేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు 10 వేల మంది పోయారు. ఇక్కడ అంత ఘోరం జరిగిందన్న సంగతి బయటికి వెంటనే తెలియను కూడా తెలియలేదు. తీగలు తెగాయి, రోడ్లు మునిగాయి, కబురు చెప్పే దారి లేకుండా పోయింది.

ఇప్పుడు అలా కాదు కదా, ఊరూరా సెల్ టవర్ ఉంది కదా అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కూడా టవర్లు ఉన్నాయి. అంత పెద్ద నగరంలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి సరిగ్గా లేవు. టవర్ గాలికి పడిపోనక్కర్లేదు. దానికి కరెంటు కావాలి. కరెంటు పోతే కింద ఉన్న బ్యాటరీలు కొన్ని గంటలు మోస్తాయి. ఆ తరవాత జనరేటర్. జనరేటర్‌కి డీజిల్. డీజిల్ తెచ్చే దారిలో చెట్టు అడ్డంగా పడి ఉంటే అక్కడితో ఆగిపోతుంది. మనం ఫోన్లో మాట్లాడాలంటే ఇన్ని సక్రమంగా ఉండాలి.

ఈ సెట్టుకి అవేవీ అక్కర్లేదు. దీనిలోంచి వెళ్లిన మాట నేరుగా అవతలి సెట్టుకే వెళ్తుంది, మధ్యలో టవర్ లేదు, కంపెనీ లేదు, రీచార్జ్ లేదు. కావలసింది ఒక్కటే, బ్యాటరీలో చార్జ్. అందుకే అంటున్నాను, తుఫాను రాత్రి మీ సెట్టు ఎంతసేపు పని చేస్తుందన్నది రెండింటి మీద ఉంటుంది. తుఫానుకి ముందు మీరు ఎలా చార్జింగ్ పెట్టారు, తుఫాను వచ్చాక ఎంత తక్కువ మాట్లాడారు. ఈ రెండూ విడివిడి సంగతులుగా చూడొద్దు. ఉన్నది ఒక్క బ్యాటరీయే, ఒక చేత్తో నింపుతున్నాం, ఇంకో చేత్తో ఖర్చు పెడుతున్నాం.

ముందు సెట్టు ఏం చేయగలదో, ఏం చేయలేదో చూద్దాం. పెట్టె మీద రాసిన కిలోమీటర్లు నమ్మకండి. రేడియో తరంగం మనం వాడే ఈ బ్యాండ్లలో దాదాపు చూపు వెళ్లినంత దూరమే వెళ్తుంది. నేల గుండ్రం కాబట్టి, ఎత్తును బట్టి దానికో లెక్క ఉంది. సెట్టు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో దాని వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. నిలబడ్డ మనిషి చేతిలో సెట్టు మీటరున్నర ఎత్తులో ఉంటుంది, అంటే సుమారు 5 కిలోమీటర్లు. అదే మనిషి తుఫాను షెల్టర్ డాబా ఎక్కి 9 మీటర్ల ఎత్తున నిలబడితే 12 కిలోమీటర్ల పైచిలుకు. ఇద్దరి లెక్కా కలిపితే ఇద్దరి మధ్య దూరం. ఇది ఏ అడ్డూ లేనప్పటి మాట. కొబ్బరి తోటలు, మడ అడవి, కాంక్రీటు గోడలు, తడిసిన ఆకులు అన్నీ దీన్లోంచి కోస్తాయి. ఊరి మధ్యలో నేల మీద నిలబడి ఒకటి రెండు కిలోమీటర్లు దాటడమే కష్టం. అయినా మనం ఉన్నది చదునైన నేల. కోడూరు వైపు గానీ నాగాయలంక వైపు గానీ ఒక్క మేడ ఎత్తు దొరికితే చాలు, సెట్టుకి పదును వస్తుంది. సిగ్నల్ అందకపోతే గట్టిగా అరవకండి. మెట్లెక్కండి. లేదా రెండడుగులు పక్కకి జరగండి. ఒక్కోసారి అంతే సరిపోతుంది.

ఏంటెన్నా నిలువుగా ఉండాలి. చాలామంది సెట్టుని పడుకోబెట్టి, బిస్కెట్ పట్టుకున్నట్టు నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడతారు. అవతలివాడి ఏంటెన్నా నిలువుగా, మీది అడ్డంగా ఉంటే సగానికి సగం పైనే బలం పోతుంది. నడుముకి తగిలించుకుని వైరు మైకులో మాట్లాడినా మీ ఒళ్లే తరంగానికి అడ్డం. సెట్టుని మొహం ఎదురుగా, నోటికి నాలుగు వేళ్ల దూరంలో, నిటారుగా పట్టుకోండి. ఏంటెన్నా కంటికీ తలకీ ఆనకూడదు. ఏంటెన్నా పట్టుకుని సెట్టుని ఎత్తకండి. ఏంటెన్నా ఊడిపోతే బటన్ నొక్కనే నొక్కకండి. బయటికి వెళ్లాల్సిన శక్తి వెనక్కి తిరిగి లోపలి భాగాన్ని కాల్చేస్తుంది.

ఇప్పుడు మాట. ఈ పక్కనున్న బటన్ని పీటీటీ, అంటే పుష్ టు టాక్, అంటాం. నొక్కితే మనం మాట్లాడతాం, వదిలితే వింటాం. ఫోన్లోలాగా రెండూ ఒకేసారి కుదరవు. ఒక బండే పట్టే ఇరుకు వంతెన అనుకోండి, అటునుంచి వచ్చేవాడు దాటేదాకా మనం ఆగాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే మూడోవాడికి గురగుర తప్ప ఏమీ వినపడదు, ఆ ఇద్దరికీ తమ మాట పోయిందని తెలియను కూడా తెలియదు. అందుకని ముందు వినండి. ఖాళీగా ఉంటే నొక్కండి. నొక్కగానే మాట్లాడకండి, ఒక్క సెకను ఆగండి. సెట్టు మేలుకోవడానికి, అవతలి సెట్టు పట్టుకోవడానికి ఆ సెకను కావాలి. ఆగకపోతే మొదటి అక్షరాలు తెగిపోతాయి. 'రావద్దు' అన్న మాటలో చివరి ముక్క పోయినా, 'ఎవరూ రావద్దు'లో మొదటి ముక్క పోయినా ఎంత తేడా వస్తుందో మీరే ఆలోచించండి. అందుకే మాట పూర్తయ్యాక అర సెకను ఆగి బటన్ వదలండి.

ముందు పిలుస్తున్నవాళ్ల పేరు, తరవాత మన పేరు. 'కంట్రోల్, కంట్రోల్, నేను హంసలదీవి, ఓవర్.' అంతే. కంట్రోల్ అంటే అన్ని ఊళ్ల కబుర్లూ అందుకునే సెట్టు. ఓవర్ అంటే నా మాట అయింది, నీ జవాబు కోసం ఆగాను అని. అవుట్ అంటే ఇక మాట్లాడేది లేదు అని. సినిమాల్లో వినే 'ఓవర్ అండ్ అవుట్' వాడకండి, జవాబు కావాలో వద్దో తేలదు. రోజర్ అంటే విన్నాను అని మాత్రమే, ఒప్పుకున్నాను అని కాదు.

అంకెల దగ్గర కొంచెం ఆగుతాను. ఇంగ్లిష్‌లో రాసిన శిక్షణ పుస్తకాల్లో ఇది దొరకదు. గాలి హోరులో మన భాషలో కొన్ని అంకెలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇరవై అన్నారా అరవై అన్నారా? డెబ్భయ్యా, తొంభయ్యా? మూడా, పదమూడా? షెల్టర్‌లో ఇరవై మంది ఉన్నారనుకుని ఇరవై మందికి అన్నం పొట్లాలు పంపితే అక్కడ అరవై మంది పిల్లలూ ముసలివాళ్లూ ఎదురుచూస్తుంటారు. కాబట్టి అంకెలు విడివిడిగా చెప్పండి. 'ఆరు, సున్నా. అరవై మంది.' అవతలివాళ్లు దాన్ని తిరిగి చదవాలి. 'ఆరు, సున్నా, అరవై, కాపీ.' కాపీ అంటే అందింది అని. తప్పు చదివితే అక్కడే దిద్దండి. ఊరి పేర్లూ అంతే. కృష్ణా జిల్లాలో కొత్తపాలేలు, కొత్తూర్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పేరుతో పాటు పంచాయతీ పేరో, గుర్తో చెప్పండి.

ఇంకో మాట. సెట్టులో చెప్పింది రహస్యం కాదు. కొన్ని సెట్లలో ప్రైవసీ కోడ్ అని ఉంటుంది. ఆ కోడ్ పెడితే వేరేవాళ్ల గోల మీకు వినపడదు, అంతే. మీ మాట మాత్రం ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న ఎవరికైనా వినపడుతుంది. కాబట్టి చనిపోయినవాళ్ల పేర్లు గాలిలో చెప్పకండి. అవతల వింటున్నది వాళ్ల ఇంటివాళ్లే కావచ్చు.

[సభలో ఒకరు: సార్, ఒక్కసారి చార్జింగ్ పెడితే ఎంతసేపు వస్తుంది?]

తమ్ముడు సరైన సమయంలో అడిగాడు. లెక్క వేద్దాం, ఫోన్లు తీయండి.

మామూలుగా దొరికే 5 వాట్ల సెట్టు తీసుకుందాం. బ్యాటరీ 1500 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే దానిలో పట్టే చార్జ్ అంత. ఊరికే ఆన్‌లో ఉంటే గంటకి సుమారు 70 తాగుతుంది. స్పీకర్లో మాట వస్తున్నప్పుడు ఆ లెక్కన 200 దాకా. మీరు బటన్ నొక్కి మాట్లాడుతున్నప్పుడు 1400. మళ్లీ చెప్తాను, ఊరికే ఉంటే 70, మాట్లాడితే 1400. ఇరవై రెట్లు. మోడల్‌ని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ తేడా మాత్రం ఇదే తీరున ఉంటుంది.

కంపెనీలు బ్యాటరీ గంటలు చెప్పేటప్పుడు వంద నిమిషాల్లో 5 నిమిషాలు మాట్లాడటం, 5 నిమిషాలు వినడం, 90 నిమిషాలు ఊరికే ఉండటం అని లెక్క పెట్టుకుంటాయి. అలా వాడితే ఈ బ్యాటరీ 10 గంటలు వస్తుంది. అదే మనవాళ్లు కంగారులో గంటకి 20 నిమిషాలు బటన్ నొక్కే ఉంచితే? మూడు గంటలు కూడా రాదు. తుఫాను తీరం దాటడానికే అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది.

మూడో పద్ధతి ఉంది. ఊళ్లలో ఉన్న సెట్లన్నీ ప్రతి గంటకీ మొదటి పది నిమిషాలే ఆన్ చేస్తారు. ఆ పది నిమిషాల్లో కంట్రోల్ ఒక్కో ఊరినీ పిలుస్తుంది. మీరు ఒక్క నిమిషంలో చెప్పాల్సింది చెప్పి, మిగతాది విని, ఆపేస్తారు. కంట్రోల్ సెట్టు మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, దానికి కారు బ్యాటరీ తగిలించి ఉంటుంది. మధ్యలో మీకు ప్రాణాపాయం వస్తే ఎప్పుడైనా ఆన్ చేసి పిలవచ్చు, కంట్రోల్ వింటూనే ఉంటుంది. ఇలా వాడితే గంటకి 55కి మించి ఖర్చు కాదు. అదే బ్యాటరీ ఒక రోజు పైనే వస్తుంది. బ్యాటరీ మారలేదు, సెట్టు మారలేదు. మూడు గంటలు ఒక రోజు పైన అయింది.

ఇంకా మిగుల్చుకోవచ్చు. దగ్గరి ఊరితో మాట్లాడేటప్పుడు లో పవర్ పెట్టండి, అందకపోతేనే హై. సెట్టుకున్న టార్చి వాడకండి, దానికి వేరే టార్చి తెచ్చుకోండి. ఎఫ్ఎం పాటలు అసలే వద్దు. రెండు చానళ్లు ఒకేసారి వినే సౌకర్యం ఉంటే ఆపేయండి. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే స్పీకర్ ఖర్చూ తగ్గుతుంది, గాలి హోరులో మాటా తెలుస్తుంది.

ఇప్పుడు చార్జింగ్. ఈ బ్యాటరీలో లిథియం అయాన్ గదులు, అంటే సెల్స్, రెండు వరసగా ఉంటాయి. ఒక్కోటి నిండితే 4.2 వోల్టులు, రెండూ కలిపి 8.4. ఆ 8.4 దాటించి నింపితే లోపల వేడి పుడుతుంది, గ్యాస్ పుడుతుంది, మంట కూడా రావచ్చు. దాటనివ్వకుండా కాపాడేది చార్జర్ లోపలి సర్క్యూట్. అందుకే ఏ సెట్టుకి ఇచ్చిన చార్జర్ స్టాండు, ఏ స్టాండుకి ఇచ్చిన అడాప్టర్ దానికే వాడాలి. పిన్ను పట్టింది కదా అని ఇంట్లో ఉన్న వైఫై డబ్బా అడాప్టర్ గుచ్చేస్తుంటారు. పిన్ను పట్టడానికీ వోల్టేజి సరిపోవడానికీ సంబంధం లేదు. అడాప్టర్ వెనక సన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉంటుంది, స్టాండు కింద ఇన్‌పుట్ అని ఉంటుంది. రెండిట్లో వోల్టులు ఒకటే ఉండాలి. ఈ రాత్రే ఇంటికెళ్లి అడాప్టర్ మీద తెల్ల టేపు అంటించి సెట్టు పేరు రాయండి. కొనేటప్పుడు ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తూ, దాని కింద రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయో లేదో చూడండి.

పాత సెట్లు కొన్నిటిలో నికెల్ బ్యాటరీలు ఉంటాయి. వాటి చార్జర్ పని చేసే తీరు వేరు. నికెల్ బ్యాటరీని లిథియం చార్జర్లో గానీ, లిథియం బ్యాటరీని నికెల్ చార్జర్లో గానీ పెట్టొద్దు. బ్యాటరీ పూర్తిగా చచ్చాకే చార్జింగ్ పెట్టాలనే మాట పాత నికెల్ కాడ్మియం రోజులది. లిథియానికి అది చెరుపే. సగం ఉన్నప్పుడు పెట్టినా ఏం కాదు, పెట్టండి. కొత్త బ్యాటరీని పన్నెండు గంటలు కదపకుండా ఉంచాలన్నదీ అంతే. పచ్చ లైటు వచ్చిందంటే నిండింది, తీసేయండి. మామూలుగా మూడు నుంచి ఐదు గంటలు.

చార్జింగ్ పెట్టేటప్పుడు సెట్టు ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే అటు నింపుతూ ఇటు తాగుతుంటుంది, చార్జర్‌కి నిండిందో లేదో సరిగ్గా తెలియదు. స్టాండు గట్టి బల్ల మీద గానీ గచ్చు మీద గానీ పెట్టండి. మంచం మీద, దిండు పక్కన, బట్టల బీరువాలో, కాగితాల మీద వద్దు. తాటాకు ఇల్లు ఉన్నవాళ్లు ఇంటి చూరు కింద పెట్టకండి. స్కూల్లోనో, పంచాయతీ ఆఫీసులోనో, షెల్టర్‌లోనో గచ్చు గదిలో పెట్టండి. అందరూ నిద్రపోయాక చార్జింగ్ వద్దు. మనిషి మెలకువగా ఉండే వేళలోనే పెట్టండి. పెట్రోలు డబ్బాలు ఉన్నచోట, బోటు ఇంజన్ పక్కన బ్యాటరీ మార్చడమూ వద్దు, చార్జింగూ వద్దు. పిన్నుల దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు.

వేడి సంగతి మన ఎండలకి ముఖ్యం. లిథియం బ్యాటరీని 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జ్ చేయాలి. మే నెలలో రేకుల షెడ్డులో ఆ 45 చాలా సులువుగా దాటుతుంది. ఎండలో నిలిపిన కారు లోపలైతే ఇంకా ఎక్కువ. ఎక్కువసేపు మాట్లాడిన సెట్టు చేతికి వెచ్చగా తగులుతుంది. దాన్ని అలాగే తీసుకెళ్లి స్టాండులో పెట్టకండి. పావుగంట నీడలో చల్లారనివ్వండి.

ఈ బ్యాటరీ ఒకసారి దగ్గరగా చూడండి, ముందు వరస నుంచి వెనక్కి పంపండి. కింద రెండు రాగి రంగు చుక్కలున్నాయి చూశారా, అవి పిన్నులు. ఒకదాని అంచున పచ్చగా ఉంది, అది చిలుము. మన ఉప్పుగాలికి ఆర్నెల్లు వదిలేస్తే చాలు, పడుతుంది. ఆ చిలుము ఉంటే స్టాండులో పెట్టినప్పుడు ఎర్ర లైటు వెలిగి ఆరి, మళ్లీ వెలుగుతుంది. గంటల తరవాత చూసినా సగం కూడా నిండదు. బ్యాటరీ పోయిందని పారేస్తారు. పొడి మెత్తటి గుడ్డతో, మొండిగా ఉంటే దూదికి కాస్త స్పిరిట్ అద్ది తుడవండి. ఆరాక పెట్టండి. బ్లేడుతో గీకకండి, పూత పోతుంది, అప్పుడు చిలుము ఇంకా తొందరగా పడుతుంది. స్టాండు లోపల ఉన్న స్ప్రింగు పిన్నులూ అలాగే తుడవాలి. నెలకోసారి. ఈ ఒక్క పని చేయించడానికి నేను ఎంత దూరమైనా వస్తాను.

ఇంకో బ్యాటరీ తెచ్చాను, ఇది పంపను, ఇక్కడినుంచే చూడండి. బల్ల మీద పెడితే ఇటూ అటూ ఊగుతోంది. పొట్ట ఉబ్బింది. ఇలా ఉబ్బినదాన్ని చార్జింగ్ పెట్టొద్దు, సెట్టులో బిగించొద్దు, నొక్కి సరిచేయొద్దు, సూదితో గుచ్చొద్దు. ఇనప బకెట్లో పొడి ఇసక పోసి, దాన్లో పెట్టి, ఇంటికి దూరంగా నీడలో ఉంచండి. చెత్తబండిలో వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు తయారీదారులే చేయాలి. కొన్న దుకాణాన్ని అడగండి, లేదంటే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

మంట వస్తే ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. మనుషుల్ని బయటికి పంపాలి, ఆ పొగ విషం. చిన్న బ్యాటరీయే కాబట్టి కరెంటు తీశాక నీళ్లు ధారాళంగా పోయవచ్చు. ఆర్పాక కూడా వేడి తగ్గకపోతే మళ్లీ అంటుకుంటుంది, కాబట్టి పోస్తూనే ఉండాలి.

[సభలో ఒక మహిళ: వానలో తడిస్తే ఏం చేయాలండీ?]

తడవకుండా చూసుకోవడం ముందమ్మా. పల్చటి పాలిథిన్ కవర్లో సెట్టు పెట్టి, మూతి దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. రేడియో తరంగానికి కవరు అడ్డం కాదు, బటన్ కూడా పైనుంచే నొక్కవచ్చు. అయినా తడిస్తే వెంటనే ఆఫ్ చేసి బ్యాటరీ ఊడదీయండి. ఉప్పునీళ్లు పడితే ముందు మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, తరవాత పొడి గుడ్డతో తుడవండి. ఫ్యాను గాలికి, నీడలో ఆరబెట్టండి. పొయ్యి దగ్గర, ఎండలో వద్దు. పూర్తిగా ఆరేదాకా చార్జర్లో పెట్టొద్దు. బ్యాటరీ ఉప్పునీళ్లలో మునిగిపోయి ఉంటే దాని మీద ఆశ వదులుకోండి.

తుఫాను వెళ్లాక చార్జింగ్ ఎలాగన్నది అసలు పరీక్ష. షెల్టర్‌లో జనరేటర్ వేయగానే ఒక్క జంక్షన్ బాక్స్‌కి ముప్పై ఫోన్లు వేలాడతాయి. వాటి వాట్లు తక్కువే గానీ, వదులుగా ఉన్న ప్లగ్గులూ, ఒక బాక్స్‌లో ఇంకో బాక్స్ గుచ్చడం, తడి నేలా కలిసి ప్రమాదం తెస్తాయి. సెట్లకి వేరే బాక్స్ ఉండాలి, అది నేలకి ఎత్తుగా ఉండాలి, దాని దగ్గర ఒక మనిషి ఉండాలి. జనరేటర్ మొదలెట్టిన క్షణంలో వోల్టేజి ఎగిరిపడుతుంది. అది కుదురుకున్నాకే చార్జర్లు గుచ్చండి. జనరేటర్ని ఎప్పుడూ గది బయటే పెట్టండి. వాన పడుతోందని లోపలికి లాగకండి, దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది.

కారు బ్యాటరీ మంచి దారి. 12 వోల్టులు, 35 ఆంపియర్ అవర్లు అంటే 420 వాట్ అవర్లు. మన సెట్టు బ్యాటరీలో ఉండేది 11. మధ్యలో పోయేవి పోను, కారు బ్యాటరీలో సగమే వాడుకున్నా పది సెట్ల బ్యాటరీలు నింపుకోవచ్చు. సగం దాటి తీస్తే కారు స్టార్ట్ కాదు, బ్యాటరీ కూడా దెబ్బతింటుంది. కానీ తీగలు నేరుగా గుచ్చకండి. సెట్టుకి తగ్గ 12 వోల్టుల కారు చార్జర్ అమ్ముతారు, అదే వాడండి. ఇప్పుడు కొన్ని సెట్లకి టైప్ సి రంధ్రం కూడా వస్తోంది, అలాంటివైతే పవర్ బ్యాంకూ సరిపోతుంది.

స్పేర్ బ్యాటరీ జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేసుకోకండి. రెండు పిన్నులకీ తాళం తగిలిందంటే అంతే. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. బ్యాటరీల మీద ఒకటి, రెండు అని నంబరూ, కొన్న నెలా రాయండి. వంతులవారీగా వాడండి. మూడు నాలుగు వందల సార్లు చార్జ్ చేశాక బ్యాటరీ పట్టే సత్తువ తగ్గిపోతుంది. అలాంటివి రోజువారీ సాధనకి వాడుకోండి, తుఫాను రాత్రికి కొత్తవి ఉంచండి. తుఫాను కాలం దాటాక నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు, సగం చార్జ్‌తో, సెట్టునుంచి విడదీసి, చల్లని చోట పెట్టండి. మళ్లీ వాతావరణ శాఖ అల్పపీడనం అనగానే బయటికి తీసి నింపండి. వాయుగుండం అయ్యేదాకా ఆగకండి.

[సభలో ఒకరు: ఆన్‌లైన్లో రెండు వేలకి దొరుకుతున్నాయి సార్, కొనుక్కోవచ్చా?]

కొనే ముందు ఆగన్నా. రేడియో సెట్టు చేతిలో ఉంచుకోవడానికే మన దేశంలో చట్టం ఉంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య మాత్రమే పనిచేసే తక్కువ శక్తి సెట్లకి లైసెన్సు అక్కర్లేదు. అప్పుడు కూడా ఆ మోడల్‌కి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి పత్రం ఉండాలి. ఏ ఫ్రీక్వెన్సీ అయినా పెట్టుకోగలిగే 5 వాట్ల సెట్లు లైసెన్సు లేకుండా వాడితే నేరం. ఈ సంగతి చెప్పకుండా అమ్ముతున్నారనే 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఈ-కామర్స్ సంస్థలకి నోటీసులిచ్చింది. మీకు ఈ పనికి ఇచ్చిన సెట్లు, ఇచ్చిన శాఖ లైసెన్సు కింద ఉన్నవి, వాళ్లు పెట్టిన చానల్ తప్ప మార్చకండి. సముద్రం మీదికెళ్లేవాళ్ల మెరైన్ సెట్లు వేరు. వాటిలో చానల్ 16 ఆపదకి. అక్కడ కబుర్లు వద్దు.

ఆసక్తి ఉన్న పిల్లలుంటే హామ్ రేడియో, అంటే అభిరుచి కోసం లైసెన్సు తీసుకుని నడిపే రేడియో, పరీక్ష రాయించండి. పన్నెండేళ్లు నిండితే చాలు. 1983 నుంచి హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు బృందంతో అండమాన్ వెళ్లి, అక్కడి నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతున్నారు. సరదాగా మొదలైన కార్యక్రమమే. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆవిడ అదే సెట్టుతో పోర్ట్ బ్లెయిర్ నుంచి మెయిన్‌లాండ్‌కి కబుర్లు అందించారు. అక్కడున్నవాళ్లు క్షేమంగా ఉన్నారని ఎన్నో ఇళ్లకి ఆ దారినే తెలిసింది. అప్పటికప్పుడు ఎవరూ సెట్టు పట్టుకోవడం నేర్చుకోలేదు. అప్పటికే వచ్చిన పని అది.

ఇక చాలు, సాధన చేద్దాం. సెట్లు ఆన్ చేయండి, చానల్ 3, లో పవర్. ముగ్గురు ముగ్గురుగా విడిపోండి. ఒక జట్టు ఈ మేడ మీదికి, ఒకటి బస్టాండు వైపుకి, ఒకటి పులిగడ్డ రోడ్డులోకి. ఒక్కొక్కరు ఒక్క సందేశం పంపాలి: ఊరి పేరు, షెల్టర్‌లో ఉన్నవాళ్ల సంఖ్య అంకెలు విడదీసి, కావలసిన వస్తువు ఒకటి. ఇరవై సెకన్లు దాటకూడదు. నేను ఇక్కడ కంట్రోల్‌గా కూర్చుని రాసుకుంటాను. పదకొండింటికి మొదటి పిలుపు. తిరిగొచ్చాక, చల్లారాక, చార్జర్లో పెట్టేసి భోజనానికి వెళ్దాం.